బాక్సింగ్ వీడియో గేములు: మా షాపులో రోజూ వినే అపోహలు, రింగులో తెలిసిన వాస్తవాలు

పొద్దున అయిదున్నరకు కర్నూలు స్టేడియంలో పిల్లలకు బాక్సింగ్ నేర్పిస్తాను. సాయంత్రం అయిదు నుంచి రాజ్‌విహార్ దగ్గర సందులో ఉన్న మా చిన్న గేమింగ్ షాపులో ఉంటాను. రెండు ప్లేస్టేషన్లు, ఒక పాత ఎక్స్‌బాక్స్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఒక నింటెండో స్విచ్, అంతే సరంజామా. పొద్దున చేతులకు బ్యాండేజీ చుట్టుకున్న పిల్లల్లో సగంమంది సాయంత్రం కంట్రోలర్ పట్టుకుని కనిపిస్తారు. ఆ రెండు పనుల మధ్యలో నిలబడ్డవాణ్ణి కాబట్టి "అన్నా, వీటిల్లో నిజం బాక్సింగు యాదన్నా?" అనే ప్రశ్న నాకు తప్పదు. నిజంగా ఉండాలనేవాళ్ళు ఒక పక్క, ఊరికే సరదాగా కొట్టుకోవాలనేవాళ్ళు ఇంకో పక్క చేరి షాపులో వాదులాడుకుంటుంటారు. ఇద్దరూ కొన్ని విషయాల్లో పొరబడుతున్నారని నా అభిప్రాయం. అవేంటో ఇక్కడ రాస్తున్నా.

అపోహ: బొమ్మ ఎంత బాగుంటే ఆట అంత నిజం.

చెమట బొట్లు, వాచిన కన్ను, దెబ్బకు వంకర తిరిగే దవడ. 2006లో వచ్చిన ఫైట్ నైట్ రౌండ్ 3 అనే బాక్సింగ్ గేములో ఇవన్నీ చూసి నేనూ నోరు తెరిచినవాణ్ణే. ఆ ఆటను తెర మీద బలాన్నీ అలుపునూ చూపే గీతలేవీ లేకుండా ఆడొచ్చు. ఎదుటివాడి అలుపు వాడి ముఖంలో, భుజాల్లో చూసి తెలుసుకోవాలి. అది మంచి ఆలోచన. అయితే బాక్సింగ్‌లో ముఖం కన్నా ముందు చూడాల్సింది కాళ్ళు. ఎదుటివాడికీ నాకూ మధ్య ఎంత జాగా ఉంది, నా ముందు పాదం వాడి పాదానికి లోపల ఉందా బయట ఉందా, అనేవే రౌండ్‌ను తేలుస్తాయి. 2009లో దాని తర్వాతి ఆట, ఫైట్ నైట్ రౌండ్ 4 వచ్చినప్పుడు నాకు సంతోషం కలిగింది అందుకే. చెయ్యి పూర్తిగా చాచే దూరంలో తగిలిన దెబ్బకూ, మీదకొచ్చి ఇరుక్కుపోయాక తగిలిన దెబ్బకూ అందులో బలం వేరుగా ఉంటుంది. పొడుగు చేతులవాడు దూరంగా ఉండాలని, పొట్టివాడు లోపలికి దూరాలని ఎవరూ చెప్పకుండానే ఆడేవాళ్ళకు తెలిసిపోయింది. చెమట లేకపోయినా నాకు ఫర్వాలేదు. ఆ దూరం లేకపోతే మాత్రం అది బాక్సింగ్ కాదు.

అపోహ: స్టామినా బార్ (ఊపిరి ఎంత మిగిలిందో చూపే గీత) ఆటను చప్పబరుస్తుంది.

నేను ఎక్కువగా వాదించేది దీని గురించే. "ఆ గీత తీసేయన్నా, కొడ్తాంటే మధ్యలో చెయ్యి లేవదు" అంటారు. మా దగ్గర ఇంటర్ చదివే ఒక కుర్రాడు షాపులో ఎవరికీ చిక్కడు. బటన్ల మీద వేళ్ళు వానలా పడతాయి. ఒకరోజు పొద్దున స్టేడియానికి వచ్చి స్పారింగ్ (సాధన కోసం ఆడే పోటీ) అడిగాడు. తలకు గార్డ్ పెట్టి, వాడి బరువే ఉన్న మా పిల్లవాడితో దింపాను. ఆటలో కొట్టినట్టే హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే గుద్దు) మీద హుక్ విసిరాడు. సగానికి పైగా గాల్లోకి పోయాయి. నిమిషం కూడా కాలేదు, చేతులు నడుం దగ్గరికి జారిపోయాయి. కన్ను మాత్రం ఇంకా కొట్టాలనే చూస్తోంది. నేను ఆపేశాను. తాళ్ళ మీద వాలిపోయి వాడన్న మాట, "అన్నా, తగిలింది తక్కువన్నా, తగలకుండా పోయిందే నన్ను చంపేసింది."

సాధనకు వేలాడదీసే బ్యాగ్‌కు తగిలిన చెయ్యి బ్యాగ్ దగ్గరే ఆగుతుంది. తగలని చేతిని మనమే ఆపుకోవాలి, మనమే వెనక్కి లాక్కోవాలి. భుజం, నడుం, మడమ మూడూ దానికోసం పనిచేస్తాయి. అందుకే గాలికి పోయిన హుక్ తగిలిన హుక్ కన్నా ఎక్కువ ఊపిరి తింటుంది. ఈ ఒక్క లెక్క సరిగా పెట్టిన ఆట ఏదైనా నా దృష్టిలో నిజమైనదే, అందులో మనుషులు కార్టూన్ బొమ్మల్లా ఉన్నా సరే.

ఈ లెక్క ఎంత పెద్దదో చెప్పడానికి 1974 అక్టోబర్ 30న ఆఫ్రికాలోని కిన్షాసాలో జరిగిన పోటీ చాలు. జార్జ్ ఫోర్‌మన్ అప్పటికి 40 పోటీలాడి నలభై గెలిచాడు. అందులో 37 నాకౌట్లు. ముహమ్మద్ అలీ తాళ్ళకు ఆనుకుని, చేతులు అడ్డం పెట్టి, కొట్టనిచ్చాడు. ఫోర్‌మన్ తన బలమంతా అలీ చేతుల మీద, గాలి మీద ఖర్చు పెట్టాడు. ఎనిమిదో రౌండ్‌లో పడిపోయాడు. ఊపిరికి లెక్క లేని ఆటలో ఈ కథ జరగనే జరగదు. అక్కడ ఫోర్‌మన్ ప్రతిసారీ రెండో రౌండ్‌లోనే గెలుస్తాడు, అలీ తాళ్ళకు ఆనుకోవడం ఒట్టి తెలివితక్కువ పని అవుతుంది.

అంటే స్టామినా బార్ ఆటలోంచి ఏదో తీసేయడంలేదు. కాచుకోవడానికీ, ఎదురుచూడటానికీ, ఒక్క జాబ్‌తో (ముందు చేత్తో నేరుగా వేసే గుద్దు) రౌండంతా నెట్టుకురావడానికీ విలువ ఇచ్చేది అదే. బార్ మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. చాలా ఆటల్లో అది మరీ తొందరగా నిండిపోతుంది. రెండు సెకన్లు వెనక్కి అడుగేస్తే అలుపు మాయం. నిజంగా అలిసినవాడికి రెండు రౌండ్ల మధ్య నిమిషం విశ్రాంతి కూడా చాలదు.

అపోహ: కార్టూన్ ఆటల్లో బాక్సింగ్ ఉండదు.

మా షాపులో "అసలైన" ఆటల వైపు వాదించేవాళ్ళు స్విచ్ వైపు కన్నెత్తి చూడరు. 1987లో నింటెండో తెచ్చిన పంచ్-ఔట్ అందులో ఉంది. మనవాడు లిటిల్ మ్యాక్ ఎదుటివాడి ముందు మరీ పొట్టిగా ఉంటాడు. రింగులో నడవడం లేదు. ఎడమకు జరగాలి, కుడికి జరగాలి, వంగాలి, కొట్టాలి, అంతే. పిల్లలాటగానే కనిపిస్తుంది.

కానీ ఒక్కసారి శ్రద్ధగా చూడండి. ప్రతి ప్రత్యర్థీ కొట్టబోయేముందు ఏదో ఒక సైగ ఇస్తాడు. ఒకడి కన్ను మెరుస్తుంది, ఒకడు భుజం వెనక్కి లాగుతాడు. బాల్డ్ బుల్ అనేవాడు దూరం వెళ్ళి గెంతుకుంటూ మీదకొస్తాడు. సరైన క్షణంలో కడుపులో ఒక్కటిస్తే అక్కడే పడిపోతాడు. తొందరపడితే మనం పడతాం. మన దెబ్బను వాడు కాచుకున్నా, వాడి దెబ్బ మనకు తగిలినా మన దగ్గరున్న గుండె గుర్తులు తగ్గిపోతాయి. అవి అయిపోతే మ్యాక్ గులాబీ రంగుకు తిరిగి కొట్టలేడు, తప్పించుకుంటూ ఊపిరి కూడగట్టుకోవాలి. ఇందాక నేను చెప్పిన లెక్క ఇందులోనూ ఉంది చూశారా! అదీ 1987లో, రెండు బటన్లతో.

కంటికి కనిపించినదానికి చెయ్యి బదులివ్వడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. దగ్గరి నుంచి వచ్చే మంచి జాబ్ అంతసేపు ఆగదు. అందుకే గ్లవ్‌ను చూసి తప్పించుకోవడం ఎవరివల్లా కాదు. మా పిల్లలకు మొదటి నెలంతా నేను చెప్పేది ఇదే: గ్లవ్ చూడొద్దురా, రొమ్ము మీద చూపు పెట్టు, భుజం కదిలిందంటే చెయ్యి వస్తోందని అర్థం. పంచ్-ఔట్ నేర్పేది సరిగ్గా ఇదే. మా దగ్గర ఎనిమిదో తరగతి పాప ఒకతి ఉంది. మిట్స్ (కోచ్ చేతులకు తొడుక్కునే మెత్తలు) మీద బాగా కొట్టేది, ఎదురుగా మనిషి నిలబడితే కళ్ళు మూసుకునేది. ఆ ఆట ఆడించి "వాడు కొట్టకముందు ఏం చేస్తున్నాడో నాకు చెప్పు" అని పక్కన కూర్చున్నాను. ఆట వల్ల ఆ పాప బాక్సర్ అయిందని నేను చెప్పను. కళ్ళు తెరిచి ఎదురుచూడటంలో ఒక సంతోషం ఉందని మాత్రం ఆ కుర్చీలోనే కనిపెట్టింది.

అపోహ: రియలిస్టిక్ ఆట అంటే కంట్రోల్స్ కష్టంగా ఉండాలి.

2004లో ఫైట్ నైట్ మొదలైనప్పుడు బటన్లకు బదులు కంట్రోలర్ మీది స్టిక్‌తో కొట్టే పద్ధతి తెచ్చింది. స్టిక్‌ను పక్క నుంచి తిప్పితే హుక్, నేరుగా నెడితే జాబ్. చేతికి భలే నప్పింది. రౌండ్ 4 ఇంకో అడుగు వేసి బటన్లతో కొట్టడాన్ని తీసేసింది. ఆడేవాళ్ళు ఊరుకోలేదు. తర్వాత అప్‌డేట్‌లో బటన్లు తిరిగి వచ్చాయి. ఈ విషయంలో నేను బటన్ల వైపు. రింగులో జాబ్ వెయ్యడం నేర్చుకున్నవాడికి జాబ్ వెయ్యడం కష్టం కాదు. ఎప్పుడు వెయ్యాలన్నదే కష్టం. వేలికి శ్రమ పెట్టినంత మాత్రాన ఆ రెండో కష్టం ఆటలోకి రాదు. తుంగభద్ర అవతలి ఊరి నుంచి బస్సెక్కి వచ్చినవాడు మొదటి అయిదు నిమిషాల్లో తాను అనుకున్న దెబ్బ వెయ్యగలగాలి, లేకపోతే రెండోసారి రాడు.

అపోహ: మూడు నిమిషాల రౌండ్‌ను కుదిస్తే అది అబద్ధమైపోతుంది.

లెక్క వేద్దాం. మగవాళ్ళ ప్రొఫెషనల్ టైటిల్ పోటీ 12 రౌండ్లు. ఒక్కోటి మూడు నిమిషాలు, మధ్యలో నిమిషం చొప్పున పదకొండు నిమిషాల విశ్రాంతి. మొత్తం 47 నిమిషాలు. మా షాపులో గంటకు డబ్బు కట్టి ఇద్దరు స్నేహితులు ఒక్క పోటీ ఆడి లేచిపోవాలా? అందుకే చాలా ఆటల్లో గడియారం వేగంగా తిరుగుతుంది. తప్పేమీ లేదు. గడియారాన్ని కుదించినంతగా ఊపిరిని కూడా కుదించారా లేదా అన్నదే నేను చూస్తాను. నిమిషం రౌండ్ పెట్టి, ఊపిరి మాత్రం మూడు నిమిషాలకు సరిపడా ఇస్తే ఎవరూ అలిసిపోరు. ఇక మిగిలేది వేళ్ళ వేగమే.

అసలు బాక్సింగ్ కూడా తన గడియారాన్ని మార్చుకుంది. ఒకప్పుడు టైటిల్ పోటీలు 15 రౌండ్లు ఉండేవి. 1982 నవంబర్‌లో రే మాన్‌సినీతో తలపడ్డ దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ పద్నాలుగో రౌండ్‌లో పడిపోయి, కొద్దిరోజులకు చనిపోయాడు. ఆ తర్వాతే టైటిళ్ళు ఇచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ 12కు తగ్గించింది, మిగతా సంస్థలూ క్రమంగా అదే దారి పట్టాయి. రౌండ్ల సంఖ్య మనుషులు మనుషుల కోసం పెట్టుకున్నది. ఆట తయారుచేసేవాళ్ళకూ ఆ స్వేచ్ఛ ఉంది.

అపోహ: హెల్త్ బార్ (ఇంకెన్ని దెబ్బలు ఓర్చుకోగలడో చూపే గీత) సున్నా అయితేనే నాకౌట్. నాకౌట్ లేకపోతే మజా లేదు.

2004 సెప్టెంబర్‌లో బెర్నార్డ్ హాప్‌కిన్స్ ఎడమచేత్తో ఆస్కార్ డి లా హోయా పక్కటెముకల కింద, కాలేయం మీద ఒకటిచ్చాడు. తొమ్మిదో రౌండ్. డి లా హోయా తల స్పష్టంగా ఉంది, ఒళ్ళు లేవనంది. కాలేయం దెబ్బ తిన్నవాళ్ళకు అది తెలుసు, నాకూ ఒకసారి తెలిసింది. ఆ నొప్పి ఒక క్షణం ఆగి వస్తుంది. 1990 మార్చిలో మెల్డ్రిక్ టేలర్ ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి కార్డుల మీద ముందున్నాడు. చివరి రౌండ్‌లో ప్రత్యర్థి జూలియో సీజర్ చావెజ్ దెబ్బకు పడి లేచాడు కూడా. రిఫరీ అడిగిన ప్రశ్నకు బదులు రాలేదు. ఇంకా రెండు సెకన్లు ఉందనగా పోటీ ఆపేశారు. ఈ రెండూ ఒకే గీత తగ్గుతూ పోయే ఆటలో పట్టవు. తలకు వేరు, ఒంటికి వేరు లెక్క ఉండాలి, రిఫరీకి కళ్ళుండాలి.

ఇక మజా సంగతి. 2022లో ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయింది నాకౌట్‌తో కాదు, అయిదుగురు జడ్జీలూ ఆమె వైపే చెప్పిన తీర్పుతో. ఆ వారం మా స్టేడియానికి కొత్తగా వచ్చిన ఆడపిల్లల్లో ఎవరూ "నాకౌట్ లేదు కదా సార్" అనలేదు. పాయింట్ల మీద గెలవడం కూడా ఎంత ఉత్కంఠగా ఉంటుందో చూపించగలిగే ఆట కోసం నేను ఇంకా చూస్తున్నా. రౌండ్ అయ్యాక మూలలో కూర్చున్నప్పుడు "ఇది నాదా, వాడిదా?" అనే ఆ గుబులు చాలా ఆటల్లో కరువు.

అపోహ: చేతులు నిజంగా ఊపితే అదే నిజమైన బాక్సింగ్.

2006లో చేతి కదలికతో ఆడే వీ స్పోర్ట్స్ అనే నింటెండో ఆట వచ్చినప్పుడు అందరూ గదిలో చేతులు ఊపారు. కుటుంబమంతా నవ్వుకునే మంచి ఆట. అయితే గుద్దు నేల నుంచి పుడుతుంది. మడమ తిరగాలి, నడుం తిరగాలి, చెయ్యి చివరికి వస్తుంది. మణికట్టు ఊపు చాలనిచ్చే ఆట దీనికి ఉల్టా నేర్పుతుంది. ఈ దారిలో నాకు నచ్చింది 2018లో వచ్చిన క్రీడ్ వీఆర్ (కళ్ళకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే) ఆట. అందులో ఎడాపెడా కొట్టి అలిసిపోతే, మన నిజం చెయ్యి ఎంత వేగంగా వెళ్ళినా తెరలోని గ్లవ్ బరువెక్కి వెనకబడుతుంది. ఊపిరి లెక్కను అంత చక్కగా కళ్ళముందు పెట్టడం ఇంకెక్కడా చూడలేదు. వీఆర్ పెట్టుకునే పిల్లలకు ఒక్క జాగ్రత్త: గాల్లోకి మోచెయ్యి పూర్తిగా బిగదీసి విసరొద్దు, కీలుకు దెబ్బ.

అపోహ: నిజం కావాలనేవాళ్ళు వేరు, సరదా కావాలనేవాళ్ళు వేరు. ఇద్దరికీ ఒకే ఆట కుదరదు.

ఫైట్ నైట్ చాంపియన్ 2011లో వచ్చింది. ఆ తర్వాత షెఫీల్డ్‌లోని స్టీల్ సిటీ ఇంటరాక్టివ్ చేసిన అన్‌డిస్ప్యూటెడ్ 2023 జనవరిలో ఎర్లీ యాక్సెస్‌గా (పూర్తికాకముందే ఆడనిచ్చే రూపం), 2024 అక్టోబర్‌లో పూర్తిగా వచ్చేదాకా, ఆ స్థాయి బాక్సింగ్ ఆట కోసం జనం పదేళ్ళకు పైగా ఎదురుచూశారు. అంతకాలం ఆకలితో ఉన్నవాళ్ళు ప్రతిదీ నిజంలా ఉండాలని పట్టుబట్టడం నాకర్థమవుతుంది. కానీ నిజానికీ సరదాకూ మధ్య గోడ నా షాపులో నాకు కనిపించలేదు.

కొత్తగా ఇద్దరు వస్తే నేను ఇలా పెడతాను. మూడు రౌండ్లు, ఒక్కోటి రెండు నిమిషాలు. బటన్లు. స్టామినా ఉండాల్సిందే. మొదటి పోటీ ఇద్దరూ ఎడాపెడా కొట్టుకుని రెండో రౌండ్‌కే చేతులు జారేస్తారు. రెండో పోటీకి బార్లు దాచే వీలుంటే దాచేసి, ఎదుటివాణ్ణే చూడమంటాను. మొన్న బుధవారపేట నుంచి వచ్చిన అన్నదమ్ములు అలాగే కూర్చున్నారు. చిన్నవాడు మొదటి పోటీ ఓడిపోయాడు. రెండోదాంట్లో మొదటి రౌండంతా అడ్డం పెట్టిన చేతుల వెనకే ఉన్నాడు. "ఏంరా, ఆడ్తాండావా నిద్రపోతాండావా?" అని పెద్దవాడు కవ్విస్తూనే ఉన్నాడు. మూడో రౌండ్ సగంలో చిన్నవాడు తెర నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు, "అన్నా, నీ చేతులు దిగినాయి."