పేగుకు చిల్లు పడితే: కర్నూలు దారిలో ఒక పాత జబ్బు

ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు. ఆ పల్లెల్లో ఎవరికైనా ఉన్నట్టుండి కడుపులో కత్తిపోటు లాంటి నొప్పి వస్తే మొదటి రోజు దాన్ని గ్యాస్ అంటారు. రెండో రోజు ఆర్ఎంపీ ఒక సూది వేస్తాడు, కాస్త సర్దుకున్నట్టే ఉంటుంది. మూడో రోజుకు పొట్ట ఉబ్బి, నాడి పరుగెత్తి, మూత్రం తగ్గి, మనిషిని పెద్దాసుపత్రికి మోసుకొస్తారు. మోకాళ్ల నొప్పులకని నెలల తరబడి మింగిన మాత్రలు జీర్ణాశయానికి చిల్లు పెట్టి ఉండవచ్చు, అపెండిక్స్ పగిలి ఉండవచ్చు, టైఫాయిడ్ పుండు పేగును తొలిచి ఉండవచ్చు. మూలం ఏదైనా, లోపల ఉండాల్సినది బయటపడి పొట్టంతా పాకుతుంది. దీన్నే వైద్యులు పెరిటోనైటిస్ అంటారు.

ఈ జబ్బుతో శస్త్రవైద్యం పోరు పాతదే. పేగు అంచులను దగ్గరికి చేర్చి నల్లచీమలతో కరిపించాలని సుశ్రుతుడు రాశాడు. ఆ సంగతి మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోదగ్గదే. అయితే పేగును కలపడం ఒక ఎత్తు, ఆ తర్వాత చీము పట్టకుండా చూడడం మరో ఎత్తు. 1867లో బ్రిటిష్ సర్జన్ జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రపరిచే పద్ధతిని ప్రకటించాక ఆపరేషన్ అంటే భయం తగ్గింది. కానీ అది బయటి నుంచి వచ్చే క్రిములను ఆపే ఉపాయం. పొట్టలో శత్రువు బయటివాడు కాదు. పెద్దపేగులో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు మనతోనే కాపురం ఉంటాయి. గోడ పగలనంత కాలం వాటితో పేచీ లేదు.

1886లో అమెరికా వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ పొట్ట కుడివైపు కింద పట్టే చీముకు ఎక్కువగా అపెండిక్సే మూలమని తేల్చాడు. ఆ మాట సామాన్యుల చెవిన పడింది మాత్రం ఒక రాజు వల్ల. 1902 జూన్‌లో, పట్టాభిషేకానికి రెండు రోజుల ముందు, బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్ కడుపులోని చీమును సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ కోసి బయటికి తీశాడు. ఉత్సవం ఆగస్టుకు వాయిదా పడింది, రాజు బతికాడు. ట్రీవ్స్ అపెండిక్స్‌ను ముట్టుకోలేదు, చీముకు దారి చూపించాడంతే.

అసలు మలుపు 1926లో వచ్చింది. జర్మన్ సర్జన్ మార్టిన్ కిర్ష్నర్ అంతకు ముందు మూడు దశాబ్దాల లెక్కలు తీశాడు. పెరిటోనైటిస్‌తో నూటికి ఎనభైకి పైగా పోతున్న ప్రాణాలు అరవై దగ్గరకు దిగాయి. చిల్లు మూయడం, పొట్ట కడగడం, రెండూ త్వరగా చేయడం: ఆ తగ్గుదలకు కారణం ఇవే. అప్పటికి పెన్సిలిన్ ఇంకా పుట్టనేలేదు. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి కీలకం ఇదే, మందులు వచ్చాక అందరం మరిచింది కూడా ఇదే.

రాయలసీమలో తొలి వైద్య కళాశాల 1957లో కర్నూలులో వచ్చింది. రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడాది అది. అనంతపురానికి ప్రభుత్వ వైద్య కళాశాల 2000లో, కడపకు రిమ్స్ 2006లో దక్కాయి. అంటే నాలుగు దశాబ్దాల పాటు సీమ ఉత్తర భాగానికే కాదు, గద్వాల, రాయచూరు వైపు పల్లెలకు కూడా పెద్ద ఆపరేషన్ అంటే కర్నూలులోని ఆ కళాశాల ఆసుపత్రే. పగిలిన పేగు గంటలు లెక్కపెడుతుంటే మనుషులు బస్సుల కోసం ఎదురుచూశారు. 108 వాహనాలు, 2007లో అనంతపురం సహా మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ దూరాన్నీ ఖర్చునూ తగ్గించాయి. ‘గ్యాస్’ అనుకుని పోగొట్టే మొదటి రెండు రోజులు మాత్రం ఏ పథకానికీ అందలేదు.

మందుల సంగతికి వద్దాం. టైఫాయిడ్‌కు 1948 నుంచి క్లోరాంఫెనికాల్ రామబాణంగా పనిచేసింది. 1972లో కేరళలోని కాలికట్‌లో ఆ బాణం గురి తప్పింది, మందుకు లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. అదే దశాబ్దంలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు మరో రహస్యం విప్పాయి. పేగు పగిలిన తొలి రోజుల్లో ప్రాణం తీసేది ఈ-కోలి వంటి క్రిములు. బతికి బయటపడ్డ వారిలో చీము గడ్డలు కట్టించేది గాలి అక్కరలేని బ్యాక్టీరాయిడ్స్ రకం. రెండింటికీ మందు పడాలి. సర్జరీ వార్డుల్లో సెలైన్ పక్కన, గాలి అక్కరలేని క్రిములను చంపే మెట్రోనిడజోల్ బాటిల్ వేలాడడం అలా అలవాటైంది.

ఆపరేషన్ తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్ దీనికంటే మొండిది. పేగుకు వేసిన కుట్లు అయిదారు రోజులకు వదిలితే పొట్టలోని ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ సంచిలో రంగు మారుతుంది, తగ్గిన జ్వరం మళ్లీ ఎగబాకుతుంది. అప్పటికే రోగి ఒంట్లో మూడు నాలుగు రకాల యాంటీబయాటిక్‌లు తిరిగి ఉంటాయి, వాటిని తట్టుకున్న క్రిములే మిగిలి ఉంటాయి. 1980ల నడుమ వచ్చిన ఇమిపెనెమ్ యాంటీబయాటిక్‌ల కుటుంబాన్ని చివరి అస్త్రంగా దాచుకోవాల్సింది. మనం దాచలేదు. 2008లో భారత్‌లో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన రోగిలో ఆ మందునే కొరికేసే ఎన్‌డీఎం-1 అనే ఎంజైమ్ ఉన్న క్రిమి బయటపడింది; ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. 2010లో లాన్సెట్ వైద్య పత్రికల్లో ఒకదాని వ్యాసం చెన్నై, హర్యానా నమూనాల్లోనూ అది ఉందని చెప్పినప్పుడు, ఇక్కడ ఎక్కువ గొడవ జరిగింది పేరులో న్యూఢిల్లీ ఎందుకని. 2012లో వైద్యులు మందులకు లొంగని క్రిములను అడ్డుకోవడానికి చెన్నై డిక్లరేషన్ తెచ్చారు. 2014 మార్చి నుంచి ఇలాంటి మందులు షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరం రిజిస్టరులో రాయాలి.

2015లో అమెరికా, కెనడాల్లో 518 మందిపై జరిగిన పరిశోధన చక్రాన్ని మళ్లీ కిర్ష్నర్ దగ్గరికే తిప్పింది. చిల్లు సరిగ్గా మూసి, చీము తీసేశాక నాలుగు రోజులు మందిచ్చినా ఎనిమిది రోజులిచ్చినా ఫలితంలో తేడా కనబడలేదు. ఈ మాట మంచం పక్కన కూర్చున్న బంధువులకు చెప్పి చూడండి. అయిదో రోజు సూది ఆపితే, “ఏమ్మా, మందు అయిపోయిందా, బయట నుంచి తెమ్మంటారా?” అని నర్సమ్మను అడుగుతారు.