ఢిల్లీ వర్సిటీ ఉమ్మడి కోర్సులు: 2014లో తేల్చకుండా వదిలేసిన పేచీ

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 2022లో మొదలైన నాలుగేళ్ల డిగ్రీ తొలి బ్యాచ్ 2025లో ఆఖరి ఏడాదికి చేరడంతో, ఏ శాఖ విద్యార్థి అయినా తప్పనిసరిగా చదవాల్సిన ఉమ్మడి కోర్సుల మీద వాదన మళ్లీ రాజుకుంది. దీనికి మూలం 2020 నాటి జాతీయ విద్యావిధానమేనని చాలామంది అంటున్నా, అసలు మలుపు అంతకు ముందే ఉంది.

దినేశ్ సింగ్ ఉపకులపతిగా ఉండగా 2013 జులైలో ఇదే వర్సిటీ నాలుగేళ్ల డిగ్రీని ఒకసారి ప్రారంభించి, అందులో 11 ఫౌండేషన్ కోర్సులను అందరికీ తప్పనిసరి చేసింది. పదో తరగతితోనే లెక్కలు వదిలేసిన హిందీ ఆనర్స్ విద్యార్థీ, గణితం ఆనర్స్ విద్యార్థీ ఒకే గణిత పేపరు రాయాల్సి వచ్చింది. 2012 డిసెంబరు నెలాఖరులో అకడమిక్ కౌన్సిల్, కార్యనిర్వాహక మండలి వెంటవెంటనే ఆమోదించిన ఈ మార్పుకు పాఠ్యాంశాలను కొద్ది నెలల్లోనే సిద్ధం చేయడం, తమ శాఖకు సంబంధం లేని కోర్సులను చెప్పవలసి రావడం అధ్యాపకుల ప్రధాన అభ్యంతరాలు. అప్పట్లో విద్యాశాఖను చూసే కేంద్ర మానవ వనరుల మంత్రి మన కాకినాడ ఎంపీ పళ్లంరాజే. ఆయన హయాంలో కేంద్రం దీన్ని ఆపలేదు.

2014లో ప్రభుత్వం మారిన నెల రోజులకే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఈ డిగ్రీని వెనక్కి తీసుకోమని ఆదేశించడం, జూన్ 27న వర్సిటీ తలొగ్గడం జరిగిపోయాయి. యూజీసీ చెప్పిన కారణం, అది 10+2+3 పద్ధతికి, అంటే ఇంటర్ తర్వాత మూడేళ్ల డిగ్రీకి పొసగదన్నది. అంటే డిగ్రీ ఎన్నేళ్లు ఉండాలన్న ప్రశ్నకు జవాబు దొరికింది గానీ, ఉమ్మడి కోర్సులను ఎవరు నిర్ణయించాలి, వాటికి కావలసిన గంటలను ఏ పాఠం నుంచి కోయాలి అన్న ప్రశ్నలను ఎవరూ ముట్టుకోలేదు. ఈ రచయిత దృష్టిలో నేటి చిక్కంతా అక్కడే ఉంది.

2022లో జాతీయ విద్యావిధానం మేరకు నాలుగేళ్ల డిగ్రీకి కొత్త పాఠ్యప్రణాళిక చట్రం వచ్చినప్పుడు అవే ప్రశ్నలు తిరిగొచ్చాయి. మొదటి నాలుగు సెమిస్టర్లలో విలువల పేరిట 2 క్రెడిట్ల (బోధన గంటలను బట్టి కోర్సుకు ఇచ్చే లెక్క) కోర్సు ఒకటి చొప్పున చదవాలి. జాబితాలో రాజ్యాంగ విలువలతో పాటు వేద గణితం, ఫిట్ ఇండియా, స్వచ్ఛ భారత్, ఆనందంగా ఉండే కళ వంటివీ ఉన్నాయి. 2013లోలా అందరి మీదా ఒకే పేపరు రుద్దలేదని, విద్యార్థే ఎంచుకుంటాడని పాలకవర్గం అంటోంది. ఆ మేరకు అది నిజమే. అధ్యాపకుల వాదన వేరు: ఎంపిక జాబితా వరకేనని, జాబితాను తయారుచేయడంలో తమకు చోటు లేదని, పనిభారం తగ్గిన శాఖల వారికి గంటలు సర్దడానికే ఈ కోర్సులు ఎక్కువగా ఉపయోగపడుతున్నాయని వారు చెబుతున్నారు. 2015 నాటి పద్ధతిలో ఒక్కో ప్రధాన పేపరుకు 6 క్రెడిట్లు ఉండగా ఇప్పుడు 4 మాత్రమే. పేపర్లు 14 నుంచి 18కి పెరిగినా మూడేళ్లలో వాటి మొత్తం క్రెడిట్లు 84 నుంచి 72కు తగ్గాయి.

ఈ లోటును నాలుగో ఏడాది పూడుస్తుందన్నది వర్సిటీ సమాధానం. అయితే ఆ ఏడాది సెమిస్టరుకు ఒక్క తప్పనిసరి ప్రధాన పేపరే ఉంటుంది, 6 క్రెడిట్లు పరిశోధనా వ్యాసానికో ప్రాజెక్టుకో పోతాయి. పైగా మూడేళ్లకే పట్టా తీసుకుని వెళ్లిపోయే వారికి ఆ అవకాశమూ ఉండదు.