ఆ వెడల్పు మడ్‌గార్డుల కారు గురించి

చిరంజీవులైన పిల్లలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో మీరు ఫోనులో చూపించిన, జపాను మేస్త్రీ మార్చిన కారు ఇంకా నా కళ్ల ముందే ఉంది. జర్మనీ కంపెనీ పోర్షే చేసిన పాత నల్ల కారు. పొట్ట నేలకు ఆనించి కూర్చున్నట్టుంది. వెనక చక్రాల మీద మడ్‌గార్డులు పహిల్వాను భుజాల్లా బయటికి పొంగి ఉన్నాయి. "తాతయ్యా, ఆ కారు నీ చేతికిస్తే నువ్వు కోసేవాడివా?" అని పెద్దవాడు అడిగాడు. అప్పుడే భోజనాలకు పిలిచారు, మాట అక్కడితో ఆగిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో 38 ఏళ్లు టింకరింగ్ చేసినవాణ్ణి. రేకు కోయడం గురించి అడిగిన ప్రశ్నకు జవాబు ఎగ్గొట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ వెడల్పు ఎందుకు పుట్టిందో చెబుతాను. మీరు బస్సులో నిలబడినప్పుడు కాళ్లు రెండూ దగ్గరగా పెడితే మలుపులో ఒక పక్కకు తూలుతారు. కాళ్లు ఎడంగా పెడితే అదే మలుపులో నిలదొక్కుకుంటారు. కారు కూడా అంతే. మలుపు తిరిగేటప్పుడు బరువంతా బయటివైపు చక్రాల మీదికి మళ్లుతుంది. చక్రాల మధ్య దూరం పెరిగితే అలా మళ్లే బరువు తగ్గుతుంది, నాలుగు టైర్లూ రోడ్డును పట్టుకుని ఉంటాయి. టైరు కూడా వెడల్పుదైతే మంచి ఎండలో, మంచి రోడ్డు మీద పట్టు ఇంకా పెరుగుతుంది. అయితే వెడల్పు టైరు వేస్తే అది మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకువస్తుంది. దాన్ని కప్పడానికి మడ్‌గార్డూ వెడల్పు కావాలి. అంటే మొదట చక్రం పెరిగింది, ఆ తరువాతే బాడీ పెరిగింది. ఈ వరుస గుర్తుపెట్టుకోండి, తరువాత అవసరమవుతుంది.

1975లో పోర్షే కంపెనీ 911 టర్బో అనే కారు అమ్మకానికి తెచ్చింది. 3 లీటర్ల ఇంజిను, 260 హార్స్ పవర్. ఇంజిను వెనక చక్రాల కంటే కూడా వెనక ఉంటుంది కాబట్టి ఆ బలమంతా వెనక టైర్లే మోయాలి. అందుకని మామూలు 911 కంటే దీని వెనక భాగాన్ని దాదాపు 12 సెంటీమీటర్లు వెడల్పు చేశారు. ఆ మరుసటి ఏడాది కార్ల పందేల్లో గ్రూప్ 5 అనే తరగతికి కొత్త నిబంధనలు వచ్చాయి. బానెట్, పైకప్పు, తలుపులు అసలు కారులో ఉన్నట్టే ఉండాలి, మడ్‌గార్డులు మాత్రం మీ ఇష్టం అన్నారు. పోర్షే ఇంజినీర్లు దాన్ని శ్రద్ధగా చదివారు. 911కు ముందు లైట్లు మడ్‌గార్డుల మీదే ఉంటాయి కదా! మడ్‌గార్డు మా ఇష్టమైతే లైట్లూ మా ఇష్టమేనని వాటిని కిందికి, బంపరులోకి దించేసి కారు ముక్కును చదును చేశారు. అదే 935. 1979లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెం గెలిచింది ఆ జాతి కారే. ఒక నిబంధనలోని ఒక మాటను పట్టుకుని కారు ముఖాన్నే మార్చేసిన ఆ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

జపానులో 1980ల మొదట్లో నిస్సాన్ స్కైలైన్, సిల్వియా, బ్లూబర్డ్ కార్లను అదే పద్ధతిలో పెట్టెల్లా వెడల్పు చేసి పందేల్లో దించారు. చూడటానికి వెళ్లిన కుర్రవాళ్లు ఇంటికొచ్చి తమ పాత కార్లకు అలాంటివే బిగించుకోవడం మొదలుపెట్టారు. మడ్‌గార్డు అంచున వరసగా బోల్టులు కనిపిస్తున్నాయేమిటని చిన్నది అడిగింది. పందెంలో మడ్‌గార్డు పగిలితే నిమిషాల్లో విప్పి వేరేది వేయాలి, అందుకే బోల్టులు పైకి కనిపించేలా బిగించేవారు. వీధి కారుకు ఆ తొందర లేదు. అయినా ఆ బోల్టులు చూస్తే పందెం గుర్తొస్తుంది కాబట్టి అలాగే ఉంచారు.

ఇక మీరు చూపించిన కారు దగ్గరికి వస్తాను. దాన్ని చేసినాయన పేరు నకాయి అకీరా. టోక్యో పక్కన చిబా జిల్లాలో కషివా అనే ఊరు. ఆయన సంస్థ పేరు జర్మన్ మాటల్లో ఉంటుంది, రావ్ వెల్ట్ బెగ్రిఫ్ అని. అందరూ ఆర్‌డబ్ల్యుబి అంటారు. గాలితో ఇంజిను చల్లబడే పాత పోర్షే 911లే ఆయనకు పేరు తెచ్చాయి. ఆ రకం 911ల తయారీ 1998తో ఆగిపోయింది. ఎవరైనా కారు చేయించుకోవాలంటే బిగించాల్సిన భాగాలు ముందుగా ఓడలోనో విమానంలోనో వస్తాయి, ఆ తరువాత ఆయనే స్వయంగా ఆ దేశం వెళ్లి రెండు మూడు రోజుల్లో బిగించి వస్తారు. ప్రతి కారుకూ ఒక పేరు పెడతారు.

మీరు పక్కన కూర్చుని మాట్లాడుతుంటే నేను ఫోను వీడియోలో ఆయన చేతులే చూశాను. మడ్‌గార్డు మీద టేపు అంటించారు. ఫైబర్‌తో చేసిన కొత్త వెడల్పు మడ్‌గార్డు ముక్కను ఎదురుగా పెట్టి కంటితో చూశారు. గాలి రంపం అందుకుని టేపు వెంట కోసుకుంటూ పోయారు. కొలత కాగితం లేదు, అచ్చు లేదు. రేకు ఊడి కిందపడింది. తరువాత ఫైబర్‌ను బిగించి, అంచు పొడుగునా సందు మూసే సీలెంటు పిండి, పొంగిన దాన్ని మెల్లగా గీకి తీశారు. నేనైతే కనీసం రెండుసార్లు కొలిచేవాణ్ణి. వేల రేకులు కోసిన చెయ్యి అది, తడబాటు ఎక్కడా లేదు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లకు ఆ అంచు కోత ఒక్కటి చూపిస్తే చాలనిపించింది. ఆ కార్ల మీద మీకున్న మోజును నేను తప్పుపట్టను. ఫ్యాక్టరీలో ఒకేలాంటివి వేలు తయారయ్యే రోజుల్లో, ఫలానా మనిషి ఫలానా రోజున తన చేత్తో కోసిన కారు ఇది అని చెప్పుకోగలగడం చాలా పెద్ద విషయం. కుడి మడ్‌గార్డుకూ ఎడమదానికీ వెంట్రుకవాసి తేడా ఉన్నా నాకు అది ముద్దుగానే ఉంటుంది.

ఇప్పుడు కష్టాల సంగతి. నా చేతుల మీదుగా జరిగినదే చెబుతాను.

చాలా ఏళ్ల కిందట ఒకాయన పద్మిని కారుకు వెడల్పాటి చక్రాలు వేయించుకుని షెడ్డుకు వచ్చాడు. గుంతలో పడ్డప్పుడల్లా వెనక టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకుంటోంది. అంచు కోసి కొంచెం బయటికి విప్పమన్నాడు. ఉలి పెట్టి కోశాను, లోపల డోలీ, అంటే రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ, పెట్టి సుత్తితో వంచాను, లప్పం పెట్టి రుద్ది రంగు కొట్టాను. కారు చూడముచ్చటగా తయారైంది, ఆయన మురిసిపోయాడు, నేనూ మురిసిపోయాను. రెండు వానాకాలాలు గడిచాక మళ్లీ తెచ్చాడు. కోసిన అంచు వెంట రంగు కింద బుడగలు లేచాయి. గోటితో గీకితే లప్పం పెచ్చు ఊడి వచ్చింది, దాని వెనక రేకు బిస్కెట్టులా పొడైంది. చక్రం బేరింగు రోదపెడుతోంది. అప్పటికి కారు అమ్మాలనుకుంటున్నాడు, కొనేవాళ్లు ఆ మడ్‌గార్డు చూసి వెనక్కి తగ్గుతున్నారు. మళ్లీ మామూలుగా చేసివ్వమన్నాడు. ఇంకో పాత బండి నుంచి ముక్క కోసుకొచ్చి అతికించాను. ఎంత చేసినా తలుపు దగ్గర మొదలై డిక్కీ దాకా సాగే ఆ గీత మునుపటిలా రాలేదు. పక్క నుంచి ఎండ పడితే అతుకు కనిపించేది. ఆయన ఏమీ అనలేదు గానీ నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

బేరింగు ఎందుకు పోయిందంటారా? నిండు బకెట్టును ఒంటికి ఆనించి పట్టుకుని చూడండి, తరువాత అదే బకెట్టును చెయ్యి చాపి పట్టుకోండి. చక్రాన్ని బయటికి జరిపితే బేరింగుకు పట్టేది ఆ రెండో గతే. అదే కారణంగా స్టీరింగు కూడా గుంతల్లో చేతిని గుంజుతుంది. వానలో ఇంకో ఇబ్బంది ఉంది. వెడల్పు టైరు కింద బరువు పలచగా పరుచుకుంటుంది, నీటిని చీల్చుకుని కిందికి దిగలేక దాని మీద తేలుతుంది. వెడల్పు పెరిగిన కొద్దీ ఎదురుగాలికి అడ్డమూ పెరుగుతుంది కాబట్టి తిన్నటి రోడ్డు మీద గరిష్ఠ వేగం తగ్గవచ్చు. వరుస గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఇంజిను బలం, టైరు, స్ప్రింగులు అన్నీ లెక్క చూసుకుని పెంచిన వెడల్పు వేరు, అందం కోసం చక్రాన్ని బయటికి లాగి మడ్‌గార్డు తగిలించడం వేరు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఫైబర్ గురించి కూడా ఒక మాట. రేకు సొట్టపడితే సుత్తి, డోలీ పట్టుకుని కూర్చుంటే తిరిగి వస్తుంది. ఫైబర్‌కు సొట్ట పడదు, అది పగులుతుంది. లోపల గాజునార మ్యాట్ వేసి, గట్టిపడే రెజిన్ జిగురు పూసి కొత్తగా కట్టుకురావాలి. నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఉన్న కారు మన స్పీడ్ బ్రేకర్ల మీదుగా వారం తిరిగితే ముందు అంచు ఉండదు.

పోర్షే 911లో ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవి. అవి తీసి భద్రంగా దాచుకుని, కోయడానికి వేరే జత వాడుకోవచ్చు. వెనకవి బాడీతో కలిపి వెల్డింగ్ చేసినవి. అక్కడ రంపం పెడితే కారు ఒంటినే కోసినట్టు. ఒకప్పుడు ఇవి ఉత్త పాత కార్లు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు అసలు రూపంలో ఉన్న వాటికి ధర బాగా పెరిగింది, కోసిన ప్రతిసారీ వాటి సంఖ్య ఒకటి తగ్గుతుంది.

లిబర్టీ వాక్ అని మరో జపాను సంస్థ ఉంది, కాతో వతారు అనే ఆయనది. 2022 జనవరిలో టోక్యో ఆటో సలోన్ అనే కార్ల ప్రదర్శనలో వాళ్లు ఫెరారీ ఎఫ్40ని కోసి వెడల్పు చేసి నిలబెట్టారు. ఆ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ బతికుండగా వెలువడిన చివరి కారు ఎఫ్40. 1987 నుంచి 1992 వరకు చేసినవి దాదాపు 1,300 మాత్రమే. దాని బాడీ ఉక్కు రేకు కాదు, కార్బన్, కెవ్లార్ వంటి గట్టి నారలతో చేసింది. ఆ ఫొటో చూసి నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. పనితనం గొప్పగా ఉంది, కాదనను. కారు ఆయన సొంతం, ఆ హక్కూ ఆయనదే. అయినా నాకు బాధ కలిగింది.

మన దగ్గర చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగా చెప్పింది. జపానులో దారి ఉంది. మడ్‌గార్డులు రివిట్లతో బిగించి వెడల్పు 2 సెంటీమీటర్లకు మించి మారిస్తే బండిని మళ్లీ తనిఖీకి తీసుకెళ్లి పత్రాల్లో కొత్త కొలత రాయించుకోవాలి. అలా చేసి రోడ్డు మీద తిప్పుకుంటారు.

ఇక పెద్దవాడి ప్రశ్న. చెక్కుచెదరని 911ని, ఫ్యాక్టరీ రంగుతో, ఫ్యాక్టరీ వెల్డింగుతో ఉన్నదాన్ని నా చేతికిస్తే నేను కోయను, ఎంత డబ్బు ఇచ్చినా సరే. ఎఫ్40 అయితే రంపం షెడ్డులోకే రానివ్వను. కానీ వెనక నుంచి ఎవరో గుద్ది రెండు మడ్‌గార్డులూ నుజ్జయిన కారో, ఉప్పుగాలికి అంచులు తినేసిన కారో అయితే ఎలాగూ అక్కడ రేకు కోయక తప్పదు. అలాంటిదాన్ని తప్పకుండా ఒప్పుకుంటాను. మచ్చలేని రేకు దాకా వెనక్కి కోసి, అంచుకు తుప్పు పట్టకుండా ప్రైమరు రెండు పూతలు వేసి, ఆ తరువాతే ఫైబర్ ఎక్కిస్తాను.

ఆ పద్మిని రేకు ముక్క ఇప్పటికీ ఇంట్లో పనిముట్ల పెట్టెలో ఉంది. దసరాకు వచ్చినప్పుడు తీసి చూపిస్తాను. పెద్దవాడి చేతికి డోలీ, చిన్నదాని చేతికి సుత్తి ఇస్తాను. వచ్చేటప్పుడు పాత బట్టలు తెచ్చుకోండి, లప్పం అంటితే పోదు.

మీ తాతయ్య