మొదటి ఉద్యోగం, మొదటి ఇల్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

గృహరుణాల దస్తావేజులు పరిశీలించడం నా పని. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లయిన పిల్లలు, పక్కన అమ్మానాన్నలు, చేతిలో బిల్డరు ఇచ్చిన రంగుల బ్రోచరు. అందరూ ముందు అడిగేది ఒక్కటే: "ఈఎంఐ ఎంత పడుతుందండీ?" చిక్కు అంతకంటే ముందే మొదలవుతుంది.

అపోహ: జీతం బాగుంటే చాలు, మిగతాది బ్యాంకు చూసుకుంటుంది.

వాస్తవం: అప్పు 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం. ఇది రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు. 70 లక్షల ఫ్లాటుకు 14 లక్షలు మీ చేతిలో ఉండాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 7.5 శాతం, అంటే మరో 5.25 లక్షలు. అప్పు లెక్కగట్టేటప్పుడు దీన్ని ఇంటి విలువలో కలపరు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, కాపురముండొచ్చని స్థానిక అధికారులిచ్చే పత్రం) రాని ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ, ఇంకో మూడున్నర లక్షలు. ఆ మీదట వంటింటి అరలు, ఫ్యాన్లు, కర్టెన్లు. ఈ లోటును పర్సనల్ లోనుతో పూడ్చినవాళ్లే నాకు తెలిసి మొదటి రెండేళ్లలో బాగా నలిగిపోతారు.

అపోహ: అద్దె కట్టడమంటే బూడిదలో పోసిన పన్నీరే.

వాస్తవం: పై ఫ్లాటుకు 56 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. ఈఎంఐ సుమారు 48,600 రూపాయలు. మొదటి నెల అందులో 39,600 పైచిలుకు వడ్డీకే పోతుంది, అసలులో తరిగేది తొమ్మిది వేల లోపే. ఆ వడ్డీ కూడా తిరిగి రాని డబ్బే. ఏడాదిలో బెంగళూరుకో పుణెకో మారే ఉద్యోగమైతే అద్దె ఇంటిని చులకన చేయకండి.

అపోహ: బ్యాంకు అప్పు ఇచ్చిందంటే కాగితాలు సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: బ్యాంకు తరఫు న్యాయవాది చూసేది బ్యాంకు కోసం. రేపు తగాదా వచ్చినా ఈఎంఐ ఆగదు. ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితాగా రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే పత్రంలో, రిజిస్టరైనవే కనిపిస్తాయి. నోటిమాట పంపకాలు, వారసుల గొడవలు దానికి తెలియవు.

నిరుడు ఒక జంట ఫైలు వచ్చింది. బ్రోచరులో భూమిలో అవిభాజ్య వాటా (అపార్ట్‌మెంటు స్థలంలో ఆ ఫ్లాటుకు వచ్చే భాగం) 40 గజాలు, అగ్రిమెంటులో 31. అది సరే, పాత లింకు దస్తావేజు, అంటే ఆ స్థలం అంతకుముందు చేతులు మారినప్పటి కాగితం, తిరగేస్తే స్థలం నలుగురు అన్నదమ్ములది, సంతకాలు ముగ్గురివి. నాలుగో ఆయన సంగతేమిటని అడిగితే బిల్డరు మనిషి, "ఆయన ఎప్పుడో పోయారండీ" అన్నాడు. పోయినాయనకు పిల్లలుండరా? ఉన్నారు, ఇద్దరు. వాళ్ల సంతకాలు వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. గృహప్రవేశం ముహూర్తం తప్పించానని ఆ అబ్బాయికి ఇప్పటికీ నా మీద కోపమే.

అపోహ: ప్రీలాంచ్‌లో (అంటే అమ్మకాలు అధికారికంగా మొదలవకముందే) మొత్తం ఒకేసారి కడితే చవక.

వాస్తవం: 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కిందికి వచ్చే ప్రాజెక్టుకు నమోదు సంఖ్య లేకుండా ప్రకటనలు ఇవ్వకూడదు, బుకింగులు తీసుకోకూడదు. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి పుచ్చుకోకూడదు. బిల్డరు మొత్తం ముందే ఇమ్మంటున్నాడంటే మీరు ఆయనకు తాకట్టు లేకుండా అప్పిస్తున్నారన్నమాట.

అపోహ: ఇల్లు కొంటే పన్ను ఎలాగూ మిగులుతుంది.

వాస్తవం: మీరు కాపురముండే ఇంటి మీద వడ్డీకి రెండు లక్షల మినహాయింపు పాత పన్ను విధానంలోనే. మీ కంపెనీ మిమ్మల్ని ఏ విధానంలో ఉంచిందో చూసుకోండి.

అపోహ: అప్పు ముందే తీరిస్తే జరిమానా.

వాస్తవం: వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ (మార్కెట్‌ను బట్టి మారే వడ్డీ) గృహరుణాలకు లేదు. ఏటా బోనసు రాగానే ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా పై లెక్కలో మూడేళ్లకు పైగా గడువు తరుగుతుంది. కట్టేటప్పుడు ఈఎంఐ కాదు, గడువు తగ్గించమని కాగితం మీద రాసివ్వండి.