టీబీ రోగి పేరు సర్కారుకు ఎందుకు చెప్పాలి?

దేశంలో ఏ డాక్టరు టీబీ అని తేల్చినా ఆ రోగి వివరాలు ప్రభుత్వానికి చెప్పి తీరాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2012 మే 7న ఉత్తర్వు ఇచ్చింది. జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం మొదలైంది 1962లో. అంటే 50 ఏళ్లపాటు ప్రభుత్వం ప్రధానంగా తన దవాఖానాలకు వచ్చినవాళ్లనే లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. వీధి చివరి క్లినిక్కులో మందులు రాయించుకున్నవాళ్లు ఎందరు, వాళ్లలో కోర్సు మధ్యలో మానేసినవాళ్లు ఎందరు అంటే దాని దగ్గర జవాబు లేదు.

మన దగ్గర ఈ రిపోర్టింగ్ అనే పని పుట్టుకే సరిగా జరగలేదు. 1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆంగ్లేయుల ప్రభుత్వం హడావిడిగా అంటువ్యాధుల చట్టం తెచ్చింది. చట్టం చిన్నదే గానీ అధికారాలకు హద్దు లేదు. పుణెలో ప్లేగు కమిషనర్ రాండ్ సైనికులను ఇళ్లలోకి పంపి సోదాలు చేయించాడు. జబ్బుపడ్డవాళ్లను ఆసుపత్రికి, ఇంట్లో మిగిలినవాళ్లను శిబిరాలకు తరలించారు. వంటింట్లోకి, పూజగదిలోకి బూట్లతో వచ్చారన్న కోపం ఊరంతా పాకింది. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌పై కాల్పులు జరిపారు. ఆ గాయాలతోనే అతను చనిపోయాడు. ఇంట్లో జ్వరం ఉందని తెలిస్తే సర్కారు మనుషులు వస్తారన్న భయంతో జనం రోగులను దాచారు, చివరికి శవాలను కూడా దాచారు.

అదే 1897లో న్యూయార్క్ నగరం టీబీ కేసులను డాక్టర్లందరూ తప్పనిసరిగా తెలియజేయాలని నిబంధన పెట్టింది. దాని వెనకున్న మనిషి అక్కడి ఆరోగ్య శాఖ వైద్యుడు హెర్మన్ బిగ్స్. ప్రైవేటు డాక్టర్లు మండిపడ్డారు. మా పేషెంట్ల గుట్టు మీకెందుకు అన్నారు, మా ప్రాక్టీసు దెబ్బతింటుందని కూడా అన్నారు. అయితే బిగ్స్ శాఖ దగ్గర ఒక ఎర ఉంది. డాక్టరు తన రోగి తెమడ నమూనా పంపితే నగర ప్రయోగశాల డబ్బు తీసుకోకుండా పరీక్షించి ఫలితం చెప్పేది. జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని కనిపెట్టి అప్పటికి 15 ఏళ్లే. సొంతంగా సూక్ష్మదర్శిని పెట్టుకున్న డాక్టర్లు తక్కువ. దాంతో ఆ పరీక్ష వాళ్లకు పనికొచ్చింది, పరీక్షతో పాటే పేరూ నమోదయ్యేది.

మన దేశంలో ఆ తర్వాతి దశాబ్దాల్లో టీబీ అంటే శానటోరియం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి పడక. ఇంటికి ఎడంగా ఉంచడమే వైద్యంలో పెద్ద భాగం. ఆ పేర్లు వింటేనే మాట మార్చే పెద్దవాళ్లు నిన్నమొన్నటిదాకా ఉన్నారు. ఇంట్లో ఒకరికి టీబీ ఉందంటే ఆడపిల్లలకు సంబంధాలు రావన్న భయం మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఈ పద్ధతిని మద్రాసులో జరిగిన ఒక అధ్యయనం తలకిందులు చేసింది. 1956లో అక్కడ మొదలైన కీమోథెరపీ కేంద్రం (టీబీని మందులతో నయం చేయడంపై పరిశోధించేది) 193 మంది పేద రోగులను రెండు గుంపులు చేసింది. ఒక గుంపును శానటోరియంలో చేర్చారు, ఇంకో గుంపుకు ఇంటి దగ్గరే మందులు ఇచ్చారు. మందులు ఇద్దరికీ అవే, ఏడాది పాటు. 1959లో వచ్చిన ఫలితాల్లో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. ఇంట్లో ఉన్న రోగుల వల్ల కుటుంబసభ్యులకు ప్రమాదం పెరగలేదు కూడా. ఇరుకు ఇళ్లు, అరకొర తిండి ఉన్నా మందు పనిచేసింది. ప్రపంచమంతా శానటోరియాలు మూతపడటానికి ఈ పని పెద్ద కారణం.

అంత మంచి మార్పుకూ ఒక ఇబ్బంది తగులుకుంది. శానటోరియంలో ఉన్న రోగి కళ్ల ముందు ఉంటాడు. ఇంట్లో ఉన్న రోగి మందు మింగుతున్నాడో లేదో ఎవరో ఒకరు కనుక్కోవాలి. మామూలు టీబీకి ఇప్పుడు 6 నెలల కోర్సు: మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు. అందులో రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం పోతోందేమోనని హడలిపోయి మాత్రలు పక్కన పడేసేవాళ్లుంటారు. ఇంకొందరికి రెండో నెలకల్లా దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్లు తేరుకుంటుంది. ఇక మందెందుకు అనిపించేది అప్పుడే. లోపల మిగిలిన క్రిములు మందుకు మొండికెత్తేదీ అప్పుడే.

డాక్టర్ల పరిస్థితి అంతకన్నా గొప్పగా లేదు. 1991లో వచ్చిన ఒక బొంబాయి అధ్యయనంలో దాదాపు 100 మంది ప్రైవేటు డాక్టర్లు 80 రకాల మందుచీటీలు రాశారు. సుమారు 20 ఏళ్ల తర్వాత అదే నగరంలో 106 మందిని అడిగితే 63 రకాలు వచ్చాయి, సరైనవి రాసింది ఆరుగురే. ఆ తర్వాత కొద్ది కాలానికే, 2011 చివర్లో, ఏ మందుకూ లొంగని టీబీ రోగులు నలుగురిని చూశామని ముంబై వైద్యులు ఒక పత్రికలో రాశారు. ‘ఏ మందుకూ’ అన్న మాటపై ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, కానీ దేశం ఉలిక్కిపడింది. మే నెల ఉత్తర్వు ఆ వేడిలోనే వచ్చింది. నమోదు కోసం నిక్షయ్ పోర్టల్ వచ్చింది. రక్తం తీసి టీబీ ఉందో లేదో చెప్పే నమ్మదగని యాంటీబాడీ పరీక్షలను జూన్‌లో నిషేధించారు.

ఉత్తర్వుతోనే పని జరిగిపోలేదు. వివరాలు నింపడానికి డాక్టరుకు టైము పడుతుంది, పేషెంటు నొచ్చుకుంటాడు, బదులుగా వచ్చేదేమీ లేదు. 2014 మార్చి నుంచి టీబీ మందులు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల హెచ్1 జాబితాలో చేరాయి. వాటిని అమ్మిన మెడికల్ షాపు విడిగా ఒక రిజిస్టరు పెట్టి డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారో రాసి 3 ఏళ్లు దాచాలి.

అసలు కదలిక పట్నా, ముంబై, గుజరాత్‌లోని మెహసాణాల్లో 2014 ప్రాంతంలో మొదలైన ప్రయోగాలతో వచ్చింది. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకునే రోగికే పరీక్షలు, మందులు ఉచితంగా అందేలా వోచర్లు ఇచ్చారు. డాక్టరును మార్చక్కర్లేదు, సర్కారు దవాఖానా క్యూలో నిలబడక్కర్లేదు. అక్కడ నమోదులు ఒక్కసారిగా ఎగబాకాయి. బిగ్స్ ఉచిత తెమడ పరీక్ష లాంటిదే ఇది కూడా. నూరేళ్లు దాటాక మనకు తట్టింది, అంతే.

2018లో కేంద్రం బెత్తం, బెల్లం రెండూ పట్టుకుంది. మార్చిలో వచ్చిన గెజెట్ ప్రకారం కేసు దాచిన డాక్టరు, ల్యాబు, మందుల షాపుపై అప్పటి శిక్షాస్మృతి ఐపీసీలోని 269, 270 సెక్షన్లు పెట్టే వీలు వచ్చింది. ఏప్రిల్ నుంచి నమోదైన ప్రతి రోగికీ చికిత్స సాగినంత కాలం పోషకాహారానికి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేయడం మొదలైంది. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. కేసు తెలియజేసిన ప్రైవేటు డాక్టరుకూ కొంత ముట్టజెబుతారు. నన్నడిగితే పని చేసింది బెల్లమే. 2023లో దేశంలో 25.5 లక్షల కేసులు నమోదైతే వాటిలో దాదాపు మూడో వంతు ప్రైవేటు నుంచి వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఆ ఏడాది మన కేసులు 28 లక్షలు. అంటే మధ్యలో ఇంకా రెండు లక్షలకు పైగా తేడా.

పేరుతో పాటు చిరునామా కూడా ఎందుకంటే, దగ్గుతో బయటికొచ్చే టీబీ ఒకే గదిలో పడుకునే వాళ్లకే ముందు అంటుతుంది. బీసీజీ టీకా మీద భరోసా పెట్టుకోలేం. 1948లో దేశంలో ఆ టీకా తొలిసారి వేసింది మన మదనపల్లెలోనే. పసిపిల్లలను మెదడు టీబీ లాంటి ప్రాణాంతక రూపాల నుంచి అది కాపాడుతుంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని మాత్రం ఆపలేదని చెంగల్పట్టు జిల్లాలో జరిగిన పెద్ద అధ్యయనం తేల్చింది. అందుకే ఒక కేసు నమోదైతే ఇంట్లో అందరికీ పరీక్ష చేసి, జబ్బు లేనివాళ్లకు నివారణ మందు ఇవ్వాలి. వారానికోసారి చొప్పున 12 వారాల కోర్సు ఇప్పుడు ఉంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే తెమడను సీబీనాట్ లేదా ట్రూనాట్ మిషన్‌లో పరీక్ష చేయిస్తే, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా గంటల్లో తెలుస్తుంది. సర్కారు దవాఖానాల్లో ఈ పరీక్ష ఉచితం. ప్రైవేటు డాక్టరు రాసినా అక్కడ చేయించుకోవచ్చు.