ఆ ‘మమ్మల్ని’లో ఎవరున్నారు?

పశ్చిమ ఆఫ్రికా దేశమైన లైబీరియా రాజముద్ర మీద సముద్రంలో ఒక ఓడ, ఒడ్డున ఒక నాగలి, ఒక పార కనిపిస్తాయి. పైన ఆ దేశపు నినాదం ఉంటుంది: స్వేచ్ఛ మీది ప్రేమే ఇక్కడికి తీసుకొచ్చింది. ఎవర్ని? ఇంగ్లిష్‌లో ‘అస్’ అనేసి ఊరుకున్నారు. తెలుగులో ఆ వీలు లేదు, ‘మనల్ని’ అనో ‘మమ్మల్ని’ అనో తేల్చాలి. అమెరికా నుంచి వలసొచ్చి ఓడ దిగిన నల్లజాతివాళ్ల మాట కాబట్టి, అప్పటికే అక్కడున్నవాళ్లను కలపకుండా ‘మమ్మల్ని’ అనే రాయాలి. ఈ నినాదం మార్చాలన్న వాదన అక్కడ తరచూ వినిపించేది కూడా అందుకే.

అలా ఓడ దిగినవాడే జోసెఫ్ జెంకిన్స్ రాబర్ట్స్. 1809లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టాడు. బానిస కాదు, అలాగని తెల్లవాళ్లతో సమాన హక్కులూ లేవు. రంగు చూసి చాలామంది తెల్లవాడే అనుకునేవాళ్లు. కుర్రతనంలో పడవ మీద సరుకులు చేరవేశాడు, పీటర్స్‌బర్గ్‌లో విలియం కోల్సన్ అనే నల్లజాతి వ్యాపారి క్షౌరశాలలో పనిచేశాడు. యజమాని దగ్గరున్న పుస్తకాలే అతని బడి.

1829లో తల్లి, తమ్ముళ్లు, చెల్లెళ్లతో కలిసి ‘హారియట్’ ఓడెక్కి లైబీరియాలోని మన్రోవియా చేరాడు. వలస వచ్చినవాళ్లను మలేరియా పిట్టల్లా రాల్చేసేది. మొదటి భార్య వచ్చిన కొద్దికాలానికే చనిపోయింది. వ్యాపారం మాత్రం కలిసొచ్చింది. పామాయిల్, ఏనుగు దంతాలు, రంగు తీసే కామ్‌వుడ్ కలప అమెరికాకు పంపి, అక్కడి సరుకు తెప్పించి అమ్మేవాడు.

స్వాతంత్ర్యం ప్రకటించాల్సి రావడానికి అసలు కారణం సుంకాల గొడవ. వినడానికి చప్పగా ఉంటుంది గానీ సంగతి అదే. ఈ వలసను నడిపింది 1816లో పుట్టిన అమెరికన్ కలోనైజేషన్ సొసైటీ. అది ప్రభుత్వం కాదు, ఒక ప్రైవేటు సంఘం. ‘ఒక సంఘానికి మేమెందుకు సుంకం కట్టాలి?’ అని బ్రిటిష్ వర్తకులు మొండికేశారు. అమెరికానేమో ఇది మా వలస రాజ్యం కాదంది. చివరికి సొసైటీయే, మీ దేశం మీరు ప్రకటించుకోండి అని చెప్పేసింది. 1841లో గవర్నర్ థామస్ బుకానన్ చనిపోయాక ఆ బాధ్యతలు చూస్తున్న రాబర్ట్స్ 1847 జూలై 26న స్వాతంత్ర్యం ప్రకటించి, 1848 జనవరిలో తొలి అధ్యక్షుడయ్యాడు. ఆ ఏడే బ్రిటన్ గుర్తించింది. కన్నదేశం అమెరికా గుర్తించడానికి 1862 దాకా పట్టింది.

స్వాతంత్ర్య ప్రకటనలో ‘మేము మొదట ఉత్తర అమెరికా సంయుక్త రాష్ట్రాల నివాసులం’ అని రాసుకున్నారు. అప్పటికి తరతరాలుగా ఆ నేల మీదే ఉన్న క్రూ, బాసా, వాయ్, పెల్లె జనం ఆ ‘మేము’లో లేరు. అమెరికాలో తమకు దక్కని పౌరసత్వాన్ని ఇక్కడివాళ్లకు వీళ్లు ఇవ్వలేదు. రాబర్ట్స్ సమర్థుడే, కాదనను. లైబీరియా కాలేజీకి తొలి అధ్యక్షుడు, 1872లో మళ్లీ దేశాధ్యక్షుడు, 1876లో చనిపోతూ చదువుల కోసం పదివేల డాలర్లు రాసిచ్చినవాడు. కానీ ఆ గీత గీసినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

స్థానికులకు పౌరసత్వం 1904లో గానీ రాలేదు. అది ఇచ్చిన ఆర్థర్ బార్‌క్లే కూడా బార్బడోస్ నుంచి వలసొచ్చిన ఇంటివాడే. 1980 ఏప్రిల్ 12న సైనికులు అధ్యక్షుడు టోల్బర్ట్‌ను చంపారు. పగ్గాలు పట్టిన సార్జెంట్ శామ్యూల్ డో స్థానిక క్రాన్ తెగవాడు. విమానాశ్రయం పేరు మాత్రం ఇంకా రాబర్ట్స్‌దే. ముద్ర మీద ఓడా అలాగే ఉంది.