సిరికి, విహాన్‌కి: రాక్షసులు ఎక్కణ్ణుంచి వస్తారంటే

ఎలా ఉన్నారు నాన్నా? దసరా సెలవులకి వారాసిగూడ వచ్చినప్పుడు డాబా మీద పడుకుని విహాన్ ఒకటి అడిగాడు గుర్తుందా, పెద్దమ్మా అన్నిటికన్నా భయంకరమైన రాక్షసుడు ఎవరు అని. నేను ఆలోచించుకునేలోపే సిరి అవన్నీ ఉత్తుత్తివే అనేసి అటు తిరిగి పడుకుంది, వాడు దుప్పటి ముసుగేసుకున్నాడు, అక్కడితో అయిపోయిందనుకున్నా. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నిజాంపేట వెళ్ళిన దగ్గర్నుంచి వీడు లైట్ ఆర్పనివ్వట్లేదంట, ట్యాబ్‌లో ఏదో చూసాడంట. సిరీ, నువ్వన్నది కరెక్టే, అవి కల్పించినవే, కానీ ఆ రాత్రి వాడి మెడ వెనక పట్టిన చెమట కల్పించింది కాదు, నేను చెయ్యి పెట్టి చూసా. అందుకే పెద్ద ఉత్తరమే రాస్తున్నా, ఇద్దరూ కలిసి చదవండి, పగలు చదవండి.

ముందు ఒకటి అడుగుతా. మొన్న గ్రౌండ్‌లో రావణాసురుణ్ణి కాల్చారు కదా, పది తలలు, కోరమీసాలు, మూడంతస్తుల ఎత్తు, మీరిద్దరూ పల్లీలు తింటూ చూసారు, ఎవరైనా భయపడ్డారా? ఘటోత్కచుడైతే ఇంకా నయం, 1957లో మాయాబజార్ వచ్చినప్పట్నుంచి ఎస్వీ రంగారావు గారు అన్ని లడ్డూలు తింటుంటే ముద్దొస్తాడు తప్ప భయం ఎవరికీ వెయ్యదు. అంటే సైజులో ఏం లేదు, కోరల్లోనూ లేదు. నాకు ఇన్నేళ్ళ మీద అర్థమైంది ఏంటంటే, మనం ఏ వైపు కాపలా పెట్టమో ఆ వైపునుంచి వచ్చేవాడే భయంకరం. మనది అనుకున్న చోటు, మనవాళ్ళు అనుకున్న మనిషి, అక్కణ్ణుంచి రావాలి.

మీ ఇద్దరికీ పాలు పట్టి పొట్ట నిమురుతూ నేను ఒకటి పాడేదాన్ని, జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం, గుర్రం తిన్న గుగ్గిళ్ళు జీర్ణం అని. ఆ వాతాపి ఎవరో ఎప్పుడైనా అడిగారా? ఇల్వలుడు, వాతాపి అన్నదమ్ములు. ఇల్వలుడు బ్రాహ్మణ వేషం వేసుకుని చక్కగా సంస్కృతం మాట్లాడుతూ దారిన పోయే బ్రాహ్మల్ని మా ఇంట్లో తద్దినం, భోజనానికి రండి అని పిలిచేవాడు. తమ్ముణ్ణి పొట్టేలుగా మార్చి, కోసి, వండి, విస్తట్లో వడ్డించేవాడు. వాళ్ళు కడుపు నిండా తిన్నాక వాతాపీ బయటికి రా అని ఒక్క కేక వేస్తే, వాడు తిన్నవాళ్ళ పొట్ట చీల్చుకుని బయటికొచ్చేవాడు. అలా ఎంతోమంది పోయాక అగస్త్య మహర్షి వచ్చి తిన్నాడు, ఇల్వలుడు కేక వేస్తే, ఇంకెక్కడి వాతాపి, జీర్ణమైపోయాడు అన్నాడు. చూడండి, ఈ కథలో అడవి లేదు, చీకటి లేదు, కోరలు లేవు. ఉన్నదంతా పిలుపు, మర్యాద, వేడి వేడి భోజనం. పొరుగింటివాళ్ళు భోజనానికి పిలిస్తే ఎవరు కత్తి పట్టుకుని వెళ్తారు చెప్పండి?

నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఏలియన్ అని 1979 నాటి ఇంగ్లీష్ సినిమా చూసా (మీరు ఇప్పుడే చూడొద్దు, పెద్దయ్యాక), అంతరిక్షంలో ఓడ, అందులోవాళ్ళు కలిసి కూర్చుని నవ్వుకుంటూ భోంచేస్తుంటారు, ఉన్నట్టుండి ఒకతని ఛాతీ చీల్చుకుని ఒక జీవి బయటికొస్తుంది. థియేటర్లో అందరూ కెవ్వుమంటే నాకు మా అమ్మ చెయ్యి పొట్ట మీద గుర్తొచ్చింది, ఇది మన వాతాపియే కదా అని. అక్కడా భోజనాల బల్లే, ఇక్కడా విస్తరే. ఆ సీన్‌లో అంత రక్తం చిమ్ముతుందని యాక్టర్లకి ముందు చెప్పలేదట, అందుకే ఆ మొహాల్లో కనిపించేది అసలు భయమే. ఆ జీవి పెద్దయ్యాక రూపం గీసింది గీగర్ అనే స్విట్జర్లాండ్ చిత్రకారుడు, దానికి కళ్ళు పెట్టలేదు. కళ్ళుంటే అది ఎటు చూస్తోందో మనకి తెలుస్తుంది, కుక్కనైనా పిల్లినైనా మనం ముందు కళ్ళే చూస్తాం, కోపంగా ఉందా లేదా అని, ఇక్కడ అదీ లేదు. ఆ సూటు వేసుకున్నది బోలాజీ బడేజో అని దాదాపు ఏడడుగుల నైజీరియా కుర్రాడు, లండన్‌లో చదువుకునేవాడు. సినిమా మొత్తంలో అది కనిపించేది కొద్ది నిమిషాలే.

ఈ కొద్ది నిమిషాల సంగతి నాకు ఇంకా చిన్నప్పుడే తెలిసింది, పేరు పెట్టడం రాలేదంతే. మా గల్లీలో శనివారం రాత్రి ఇంటికింత అని చందా వేసుకుని వీసీఆర్ అద్దెకి తెచ్చేవాళ్ళు, టీవీ వరండాలో పెట్టి తెల్లవార్లూ మూడు సినిమాలు. ఒకసారి మూడోది జాస్ వేసారు, సొరచేప సినిమా, 1975ది. ఇంగ్లీష్ ఒక్కరికీ రాదు, అయినా ఒక్కరూ లేవలేదు. ఆ సొరచేప గంట దాటే దాకా సరిగ్గా కనపడదు, నీళ్ళు కదుల్తాయి, పసుప్పచ్చ పీపాలు తేలుతాయి, రెండే రెండు స్వరాలు మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి, ముందు మెల్లగా, తర్వాత గబగబా. అసలు కారణం తర్వాతెప్పుడో చదివా, మెషీన్ సొరచేపని చేయించి ఉప్పునీళ్ళలో దింపితే అది మాటిమాటికీ చెడిపోయేదట, 55 రోజుల షూటింగ్ 159 రోజులు పట్టింది, ఇంక చేసేదిలేక డైరెక్టర్ చేపని చూపించకుండానే లాక్కొచ్చాడు. అది పాడవ్వకపోయి ఉంటే మనం రబ్బరు బొమ్మని చూసి అరగంటలో అలవాటు పడిపోయేవాళ్ళం. మర్నాడు నేను సంపు మూత తీసి బకెట్ వెయ్యలేకపోయా. రోజు విడిచి రోజు వచ్చే మంజీరా నీళ్ళు, నేనే పట్టిన నీళ్ళు, లోపల నల్లగా ఏమీ కనపడట్లేదు, అంతే, చెయ్యి పోలేదు. (సొరచేపలకి మాత్రం అన్యాయం జరిగింది, ఆ కథ రాసినాయనే తర్వాత సొరచేపల్ని కాపాడాలని తిరిగాడు.)

సింహిక కూడా అలాంటిదే. హనుమంతుడు సముద్రం దాటుతుంటే ఆయన్ని పట్టుకోలేదు, నీళ్ళమీద పడ్డ నీడని పట్టుకుంది. నీడని ఎలా దాచుకుంటాం?

సిరీ, నీ సంగతి కూడా చెప్తా, నాలుగేళ్ళప్పుడు జనరల్ బజార్ తీసుకెళ్తే చీరల షాపు ముందు నిలబెట్టిన బొమ్మని చూసి గట్టిగా ఏడ్చావు, అదే షాపులో గుమ్మానికి కట్టిన దిష్టిబొమ్మని చూసి ఏమీ అనలేదు. దిష్టిబొమ్మకి ఎర్ర నాలుక, గుడ్లు, అన్నీ ఉన్నాయి, చీరల బొమ్మేమో అందంగా ఉంది. మీ అమ్మకి అర్థం కాలేదు కానీ నువ్వు ఏడ్చింది సబబే. మసాహిరో మోరి అని జపాన్‌లో రోబోల ప్రొఫెసర్ 1970లో దీని గురించే రాసాడు, బొమ్మ మనిషిలా ఉండేకొద్దీ మనకి నచ్చుతుంది, కానీ దాదాపు మనిషే అనిపించేదాకా వచ్చి కొంచెం తేడా ఉంటే అక్కడ ఒక్కసారిగా ఒళ్ళు జలదరిస్తుంది అని. ఆయన ఇచ్చిన ఉదాహరణ కృత్రిమ చెయ్యి, చూస్తే అసలు చెయ్యిలాగే ఉంటుంది, షేక్‌హ్యాండ్ ఇస్తే చల్లగా, ఎముక లేనట్టు తగుల్తుంది. మన ఊళ్ళల్లో దయ్యానికి కాళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి అని చెప్పింది కూడా ఇందుకేనేమో అనిపిస్తుంది నాకు. మిగతా అంతా మామూలు ఆడమనిషే, చీర, జడ, మల్లెపూలు, ఒక్క పాదాలు తప్ప. పేపర్లలో చెరువు కబంధ హస్తాల్లో చిక్కుకుంది అని రాస్తుంటారు చూడండి, ఆ కబంధుడికి తలే లేదు, నోరు పొట్టలో, ఆమడ పొడుగు చేతులు, కూర్చున్న చోటునుంచి కదలకుండా దొరికిందల్లా లాక్కుని తింటాడు. వినడానికి వాడే ఎక్కువ ఘోరం, కానీ నాకు వాడంటే జాలి, ఇంద్రుడు వజ్రాయుధంతో కొడితే తల ఒంట్లోకి దిగబడిపోయింది, బతకడానికి ఆ చేతులు ఇచ్చారు. రాముడూ లక్ష్మణుడూ చేతులు నరికేసాక, నన్ను దహనం చెయ్యండి అని అడిగి, సుగ్రీవుడి దగ్గరికి దారి చెప్పి మరీ పోయాడు.

జాలి అన్నాను కాబట్టి ఇంకొకడి గురించి చెప్పాలి. 1815లో ఇండోనేసియాలో తంబోరా అనే అగ్నిపర్వతం పేలింది, ఆ బూడిద ఎంత పైకెళ్ళిందంటే మరుసటేడు యూరప్‌లో ఎండాకాలమే రాలేదు. ఆ వానల్లో జెనీవా సరస్సు పక్కన ఒక ఇంట్లో ఇరుక్కుపోయిన కొంతమంది ఫ్రెండ్స్ తలా ఒక దయ్యం కథ రాద్దాం అనుకున్నారు. అందులో మేరీ అనే అమ్మాయికి 18 ఏళ్ళు, ఆమె మొదలుపెట్టిందే ఫ్రాంకెన్‌స్టైన్, 1818లో అచ్చయింది. అందరూ ఆ పేరు రాక్షసుడిది అనుకుంటారు, కాదు, వాణ్ణి తయారుచేసినవాడిది, వీడికి అసలు పేరే పెట్టలేదు. ఎనిమిదడుగుల శరీరానికి ప్రాణం పోసి, వాడు కళ్ళు తెరవగానే చూసి భయపడి పారిపోయాడు ఆ మహానుభావుడు. వాడు ఒక కుటుంబం ఇంటి పక్క కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్ళ మాటలు వింటూ మాటలు నేర్చుకుంటాడు, రాత్రిళ్ళు వాళ్ళకి తెలియకుండా కట్టెలు కొట్టి పెడతాడు. ఒకరోజు ధైర్యం చేసి లోపలికెళ్తే, ఇంట్లో ఉన్న గుడ్డి ముసలాయన కూర్చోబెట్టి ఆప్యాయంగా మాట్లాడతాడు, ఇంతలో ఆయన పిల్లలొచ్చి చూస్తారు, కొడుకు వాణ్ణి కర్రతో బాదుతాడు. తర్వాత వాడు హత్యలు చేస్తాడు, అది నేను సమర్థించను. కానీ విహాన్, ఆ ఇంట్లో భయపడనిది కళ్ళు కనపడని ఆయన ఒక్కడే, అది గుర్తుపెట్టుకో.

గాడ్జిల్లా అంటే నీకిష్టం కదా, దాని అసలు సంగతి మాత్రం ఆట కాదు. 1954 మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షించింది, దూరంగా చేపలు పట్టుకుంటున్న జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది, అందులో 23 మంది, అందరూ జబ్బుపడ్డారు, రేడియో ఆపరేటర్ సెప్టెంబర్‌లో చనిపోయాడు. నవంబర్ 3న సినిమా వచ్చింది, మొదటి సీన్ ఏంటనుకున్నావ్, పడవ మీద కొంతమంది పాటలు వాయించుకుంటూ ఉంటారు, సముద్రంలో ఒక్కసారిగా వెలుగు. హాల్లో కూర్చున్నవాళ్ళకి అది ఏ పడవో ఒకరు చెప్పాలా? దాని అరుపు ఏ జంతువుదీ కాదు, పెద్ద కాంట్రాబాస్ వాయిద్యం తీగల మీద గుగ్గిలం రాసిన తోలు గ్లవ్‌తో రుద్దితే వచ్చిన శబ్దం. రోజూ అన్నం పెట్టే సముద్రంలోంచి వచ్చింది అది.

ఇంక నీ ప్రశ్నకి జవాబు రా విహాన్. వీళ్ళెవరూ కాదు, నాకు అన్నిటికన్నా భయం వేసింది మన ఇంటి తలుపు దగ్గర.

నేను రెండో తరగతి, మీ అమ్మ ఇంకా పాలు తాగుతోంది. రాత్రిళ్ళు ఒక ఆడదయ్యం వస్తోందని, తెలిసినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందని, పలికితే అంతేనని గల్లీ అంతా పుకారు. ప్రతి తలుపు మీదా "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్ళు, అది వచ్చి చదువుకుని వెళ్ళిపోతుందంట, మర్నాడు వస్తే మళ్ళీ అదే ఉంటుంది. మా ఇంట్లో రాసింది నేను, అప్పుడే వత్తులు నేర్చుకుంటున్నా కదా, సుద్దముక్క నాకే ఇచ్చారు. రాసి, సుద్దముక్క గడప మీద పెట్టేసి వచ్చి పడుకున్నాక అనుమానం వచ్చింది. స్త్రీకి త వత్తు పెట్టా, కింద క్రావడి పెట్టానా? పెట్టలేదు. ఓ స్తీ అని రాసా. అది చదవలేకపోతే?

మీ తాతయ్యకి అప్పట్లో ప్రెస్‌లో నైట్ డ్యూటీ, రెండింటికి వచ్చేవాడు. ఆ రాత్రి తలుపు అవతల నా పేరు వినిపించింది. నాన్న గొంతే. మెల్లగా, మా అమ్మ నిద్ర చెడకుండా ఎలా పిలుస్తాడో అలాగే. నేను నోరు రెండు చేతుల్తో మూసుకున్నా. మళ్ళీ పిలిచింది. మూడోసారి కూడా. నాన్నేమో అని ఒక మనసు, నాన్న గొంతు కాబట్టే వద్దు అని ఇంకో మనసు, ప్రపంచంలో నాకు అన్నిటికన్నా ధైర్యం ఇచ్చే గొంతు అది, దానికి భయపడి వణుకుతున్నా. తర్వాత పిలుపు ఆగిపోయింది. తలుపు మీద బయటినుంచి గీకుతున్న చప్పుడు, కర్ కర్ మని, చిన్నగా. అప్పుడు అరిచా. అమ్మ లేచి గడియ తీసింది, వచ్చింది నాన్నే, ఏమైందిరా బిడ్డా అని ఎత్తుకున్నాడు, నేను మొహం చూడలేదు, ముందు పాదాలు చూసా.

పొద్దున్నే లేచి తలుపు దగ్గరికెళ్ళా. నా అక్షరాలు వంకరటింకరగా అలాగే ఉన్నాయి, స్త్రీ కింద మాత్రం క్రావడి పెట్టి ఉంది, గుండ్రంగా, పెద్దవాళ్ళ చేతిరాత.